ఐసీయూ బయట మాకు దిక్కైన సిస్టర్

సంపాదకులకు,

మాది కవిటి మండలం. ఉద్దానంలో చాలా ఇళ్లలాగే మా ఇంట్లోనూ కిడ్నీ జబ్బు ఉంది. నాన్న మూడేళ్లు డయాలసిస్ మీద నెట్టుకొచ్చారు. మొన్న వేసవిలో నెమ్ము చేసి ఆయాసం ముదిరితే వంద కిలోమీటర్లకు పైగా అంబులెన్సులో శ్రీకాకుళం తీసుకెళ్లాం. వెంటిలేటర్ పెట్టారు. ఐసీయూ తలుపు బయట అమ్మా, నేనూ పదకొండు రోజులున్నాం. కూర్చోడానికి బల్ల లేదు, మెట్ల కింద చాప పరుచుకున్నాం. రౌండ్సుకొచ్చిన డాక్టరుగారు "సీరియస్" అనేవారు. ఆపైన అడగడానికి మాకు నోరు పెగిలేది కాదు.

మొదటిసారి లోపలికి పంపినప్పుడు నాన్న చేతులు రెండూ మంచానికి కట్టి ఉన్నాయి. "ఏటమ్మా, దొంగని కట్టినట్టు కట్టేసినారు" అని అమ్మ గొల్లుమంది. నైట్ డ్యూటీ సిస్టర్ కసురుకోలేదు. అమ్మ వేలు పట్టుకుని ఆ గుడ్డ ముడి కిందకి దూర్చింది. "చూడమ్మా, వేలు పట్టేంత వదులుగానే ఉంది. మత్తులో చెయ్యి గొట్టం మీదికెళ్లిపోద్ది, లాగేసుకుంటే ఊపిరాడదు. తెలివొస్తే విప్పేస్తాం" అంది. తర్వాత "మాటాడమ్మా, వినబడొచ్చు" అని పక్కకు జరిగింది. అమ్మ ఈనిన ఆవు సంగతీ, రాలిన కొబ్బరికాయల లెక్కా ఆయన చెవిలో చెప్పింది. ఆ రాత్రి అమ్మ మొదటిసారి నాలుగు మెతుకులు తింది.

తొమ్మిదో రాత్రి సిస్టర్ నన్ను పక్కకు పిలిచి, బీపీ మందులు పెంచినా నిలబడటం లేదని, డాక్టరుగారితో మాట్లాడే చెబుతున్నానని, చూడాల్సినవాళ్లుంటే రప్పించమని చెప్పింది. తగ్గిపోతుందని అబద్ధం చెప్పలేదు. బరంపురం నుంచి చెల్లి వచ్చి నాన్నను బతికుండగా చూసుకుంది.

ఆ రాత్రుల్లో ఆమె ఒక్కర్తే నాలుగు మంచాలు చూసేది. ఐసీయూలో ఒక్కో పడకకు ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మా వైపు పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, చాలా సంతోషం. ఏ ఆసుపత్రిలోనైనా పడకలు లెక్కపెట్టినట్టే సిస్టర్లనూ లెక్కపెట్టాలి. మాకు దొరికిన ఆ నాలుగు మాటలు ఆమె తన తిండి వేళ మానుకుని చెప్పినవి. అలా ఎన్నాళ్లు చెప్పగలదు?

రోజూ ఒక వేళ పెట్టి, డాక్టరుగారితో పాటు సిస్టర్ కూడా నిలబడి ఇంటివాళ్లకు మన మాటల్లో చెప్పే ఏర్పాటు ప్రతి ఐసీయూలోనూ చేయాలని జిల్లా వైద్యాధికారులను వేడుకుంటున్నాను. బయట నాలుగు బల్లలు కూడా వేయించండి.

— ఒక కొబ్బరి రైతు, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా