యుద్ధాన్ని వేడుకగా చూసినవారి సినిమా

సంపాదకులవారికి,

యుద్ధ చిత్రాల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం ఫ్రాన్సు, బెల్జియం కందకాలను దాటి రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం ఆఫ్రికాలోనూ సాగిందనీ, దాన్ని ఎగతాళి చేస్తూ 1976లోనే ఫ్రెంచి దర్శకుడు జాఁ జాక్ అనో తన మొదటి చిత్రం ‘బ్లాక్ అండ్ వైట్ ఇన్ కలర్’ తీశారనీ అందులో ప్రస్తావన లేదు. ఐవరీ కోస్ట్ తరఫున పోటీకి వెళ్ళిన ఆ చిత్రం 1977లో ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ పొందింది.

పశ్చిమాఫ్రికాలోని ఒక మారుమూల ఫ్రెంచి స్థావరంలో, పొరుగు జర్మన్లతో ఇచ్చిపుచ్చుకుంటూ బతుకుతున్న వర్తకులు, ఐరోపాలో యుద్ధం మొదలైన సంగతి నెలల నాటి పాత పత్రికల్లో చదివి ఉన్నట్టుండి దేశభక్తులైపోతారు. అయితే పోరాడేది వారు కాదు. ఊళ్ళమీద పడి నల్లవారిని పట్టితెచ్చి, తుపాకులిచ్చి ముందుకు తోలి, తాము భోజనపు బుట్టలతో కుటుంబ సమేతంగా వేడుక చూడబోతారు. జర్మన్ల మెషిన్‌గన్ మోగగానే వేడుక కాస్తా పరుగుగా మారుతుంది. అంతకన్నా చేదు వ్యంగ్యం ఆ తరువాత వస్తుంది: వీరి మూర్ఖత్వాన్ని అసహ్యించుకునే సోషలిస్టు యువకుడు, చదువుకున్న భూగోళ శాస్త్రజ్ఞుడు, అధికారం చేతికి రాగానే అదే యుద్ధాన్ని మరింత సమర్థంగా నడుపుతాడు. మతగురువులను మోస్తున్న బోయీలు తమ భాషలో వారినే వెక్కిరిస్తూ పాడుతుంటే, అర్థం తెలియక వారు మురిసిపోయే సన్నివేశం మరువరానిది.

ఇదంతా అతిశయోక్తి అనలేము. తూర్పు ఆఫ్రికా రంగంలో బ్రిటిష్ సేనల సామాను మోసిన ఆఫ్రికన్లలో సుమారు 95,000 మంది చనిపోయారని అంచనా; వారిలో అత్యధికులను బలిగొన్నవి తూటాలు కావు, రోగాలూ అర్ధాకలీ. 1914 నవంబరులో జర్మన్ల ఏలుబడిలోని తూర్పు ఆఫ్రికాలో (నేటి టాంజానియా) టాంగా రేవు దగ్గర, తనకన్నా ఎంతో చిన్నదైన జర్మన్ దళం చేతిలో ఓడిన సేన మన దేశం నుంచి ఓడల్లో వెళ్ళినదే; ఒకప్పటి మద్రాసు సైన్యానికి చెందిన పాలంకోట పటాలం కూడా అందులో ఉంది.

చిత్రంలో లోపం లేకపోలేదు. తెల్లవారి వెర్రితనానికి దక్కినంత నిడివి, ఆ వెర్రికి బలైనవారి జీవితాలకు దక్కలేదు. కనుక ఈ చిత్రంపై ఒక సమీక్షతో పాటు, టాంగాకు వెళ్ళిన మద్రాసు సిపాయిల గురించీ ఆఫ్రికన్ కూలీల గురించీ చరిత్రకారుల చేత మరో వ్యాసం రాయించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, విజయవాడ