భుజం మీది చుక్కలు లెక్కపెట్టి ర్యాంకు రాస్తే ఎలా?

సంపాదకులకు,

రిపబ్లిక్ డే పరేడ్ ఫొటోల కింది క్యాప్షన్లలోనూ, అశోక్‌నగర్‌లో అమ్మే కోచింగ్ మెటీరియల్‌లోనూ ఒకే తప్పు మళ్లీమళ్లీ వస్తోంది. సైన్యంలో పెద్ద అధికారుల హోదాని చెప్పే ‘త్రీ స్టార్’ అన్న మాటకి భుజం మీద మూడు నక్షత్రాలని అర్థమనుకుంటున్నారు. మన సైన్యంలో మూడు నక్షత్రాలు పెట్టుకునేది కెప్టెన్. ఆ లెక్కన స్టేషన్‌లో కూర్చునే సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారూ త్రీ స్టారే!

అసలు త్రీ స్టార్ అధికారి లెఫ్టినెంట్ జనరల్. ఆయన భుజం మీద నక్షత్రమే ఉండదు. పైన మూడు సింహాల గుర్తు, కింద గుణకారం గుర్తులా వేసిన కత్తి, దండం (బేటన్), అంతే. డీజీపీ భుజం మీదా ఇవే కనిపిస్తాయి. సింహాలు లేకుండా కత్తి–దండం పైన ఒక నక్షత్రం ఉంటే మేజర్ జనరల్. సింహాలూ, నక్షత్రమూ రెండూ ఉంటే జనరల్. ఫోర్ స్టార్ హోదాకి భుజం మీద కనబడే నక్షత్రం ఒక్కటేనన్నమాట. వన్ స్టార్ బ్రిగేడియర్‌కేమో సింహాల కింద మూడుంటాయి. స్టార్ల లెక్క తేలాలంటే భుజం కాదు, కారు మీది ప్లేటు చూడాలి.

ఫైవ్ స్టార్ హోదా అయిన ఫీల్డ్ మార్షల్‌కి కత్తి–దండం చుట్టూ తామరపూల దండ ఉంటుంది. ఆ హోదా పొందింది ఇద్దరే: 1973లో మానెక్‌షా, 1986లో కరియప్ప. 2002లో అర్జన్ సింగ్‌కి ఇచ్చింది వైమానిక దళంలో దానికి సమానమైన మార్షల్ హోదా. ఆయన్ని మూడో ఫీల్డ్ మార్షల్ అనకూడదు. ఈ హోదా జీవితాంతం ఉంటుంది కాబట్టి ‘రిటైర్డ్ ఫీల్డ్ మార్షల్’ అన్న మాటే తప్పు. 2020 జనవరి 1న మొదలైన, మూడు దళాలకీ ఉమ్మడిగా ఉండే చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవి ఫోర్ స్టారే. మెటీరియల్‌లో ఫైవ్ స్టార్ అని చదివిన పిల్లలకి పరీక్షలో ఒక మార్కు పోయినట్టే.

విదేశాల సంగతి మరీ తికమక. అమెరికాలో ఎన్ని స్టార్లో భుజం మీదా అన్నే ఉంటాయి. అక్కడి ఫైవ్ స్టార్ 1944 డిసెంబరులో పుట్టింది, సైన్యంలో చివరిగా 1950లో జనరల్ ఒమర్ బ్రాడ్లీకి దక్కింది. ఫ్రాన్స్‌లో ఆర్మీ జనరల్‌కి ఐదు నక్షత్రాలున్నా ఆయన మన జనరల్‌కి సమానమే. అక్కడ మార్షల్‌కి ఏడు, పైగా అది ర్యాంకు కాదు, ప్రభుత్వమిచ్చే గౌరవం. బ్రిటిష్ ఫీల్డ్ మార్షల్‌కి కత్తే లేదు. కిరీటం కింద రెండు దండాలు, చుట్టూ ఆకుల దండ.

క్యాప్షన్ రాసే ముందు మీ డెస్క్‌లో ఫొటో పెద్దది చేసి, మన సైనికాధికారి భుజం మీద కత్తి–దండం ఉందో లేదో చూడమనండి. ఉంటే మేజర్ జనరల్, ఆపైన. లేకపోతే సాధారణంగా బ్రిగేడియరో, ఇంకా కిందివారో.

– ఒక పాఠకుడు, తిరుమలగిరి, హైదరాబాద్