ఆవకాయ పార్సిలూ, ఆమిష్ హత్యలూ

పొన్నూరు,
మంగళవారం రాత్రి

చి. సుధకు నాన్న దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమే అనుకుంటున్నాను.

తెల్లకాగితం మీద రాసి, ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడుతున్నాను. పోస్టులో వేద్దామంటే ఏ అడ్రసుకని వెయ్యను... సరే, ఆ సంగతి తర్వాత.

నువ్వు నా టాబ్‌లో వేసిచ్చిన ఆమిష్ హత్యల నవలలున్నాయి చూడు, అదే, ఇంట్లో ఫోనూ సొంత కారూ వద్దని గుర్రబ్బండ్ల మీద తిరిగే ఆ అమెరికా క్రైస్తవుల కథలు, లిండా కాస్టిలోవి, వాటిలో మొదటిది మళ్ళీ చదివాను. ‘స్వోర్న్ టు సైలెన్స్’, 2009లో వచ్చింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని రాత్రి పదకొండు దాకా కూర్చుంటున్నానని మీ అమ్మకు కోపం. "సర్వీసులో చూసిన శవాలు చాల్లేదా" అంటుంది. చిన్నప్పుడు డిటెక్టివ్ యుగంధర్ పుస్తకం లెక్కల నోట్సులో దాచుకుని చదివినవాణ్ణి, ఇప్పుడు మానమంటే మానతానా?

ఆ పోలీస్ చీఫ్ పిల్ల, కేట్ బర్క్‌హోల్డర్, నాకు నచ్చింది. ఆమిష్ ఇంట్లో పుట్టి, వాళ్ళను కాదని బయటికొచ్చి, మళ్ళీ అదే ఊరికి పోలీసై వెళ్ళింది. పెయింటర్స్ మిల్ అనే ఊరు కల్పితమేగానీ మీ ఒహాయోలోని హోమ్స్ కౌంటీ నిజమే, మనం తిరిగిందే. పోలీసును చూస్తే నోరు మెదపని జనం దగ్గరికి వెళ్ళి ఆ పిల్ల వాళ్ళ పెన్సిల్వేనియా డచ్చిలోనే పలకరిస్తుంది. అదీ పోలీసు పనంటే. లంకల్లో పనిచేసినప్పుడు చూశాను కదా, ఊరంతా ఒక్కమాట మీదుంటే ముసలమ్మ దగ్గర్నుంచి పసివాడి దాకా ఒకటే జవాబు: "మాకు తెల్దు సార్". అక్కడ లాఠీ పనికిరాదు. అరుగు మీద కూర్చుని, మజ్జిగ పోస్తే తాగి, గేదె ఎన్ని పాలిస్తోందో అడగాలి.

కానీ అందులో ఆ కేట్ తండ్రి మీద మాత్రం నాకు ఒళ్ళు మండిపోయింది. పద్నాలుగేళ్ళ పిల్లకు ఇంట్లో జరగరానిది జరిగితే, ఆ పిల్ల తుపాకీ పేలిస్తే, పోలీసులకు చెప్పడు. దేవుడి తీర్పంటాడు. ఇంటిల్లిపాదీ నోళ్ళు మూసుకుంటారు, పదహారేళ్ళు! పిల్ల చెప్పలేదే అనుకో, తండ్రన్నవాడు పక్కన కూర్చుని ‘ఏమ్మా’ అని అడగద్దూ?

నువ్వు ఫోన్ చేసి ఇరవై మూడు రోజులైంది. నేనేం అడగడం లేదు, ఊరికే లెక్క చెబుతున్నాను.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ రచయిత్రి ఒక్క హోమ్స్ కౌంటీలో డజనుకు పైగా నవలల నిండా హత్యలు చేయించింది. అంతమందిని చంపితే గుర్రబ్బండ్లు తోలేదెవరు? నిజంగా వాళ్ళ మీద జరిగిన ఘోరం వేరే ఉంది. 2006 అక్టోబరు 2న పెన్సిల్వేనియా నికెల్ మైన్స్ బడిలోకి బయటివాడొకడు తుపాకీతో దూరి ఐదుగురు ఆడపిల్లల్ని పొట్టన పెట్టుకున్నాడు. వాడూ చచ్చాడు. ఆమిష్ పెద్దలు వాడి భార్యను ఓదార్చడానికి వెళ్ళారు, వాడి అంత్యక్రియలకూ వెళ్ళారు. పోలీసు బుర్రకు అది ఎక్కదు, నాకింకా ఎక్కలేదు. ఇక వాళ్ళలో వాళ్ళు చేసుకున్న నేరాల్లో బాగా పేరుకెక్కిందొకటి, 2011లో మీ ఒహాయోలోనే బెర్గోల్జ్ అనే ఊరి ఆమిష్ ముఠా, పడనివాళ్ళ గడ్డాలూ ఆడవాళ్ళ జుట్టూ కత్తిరించడం. మరుసటేడు పదహారుమంది దోషులని జ్యూరీ తేల్చింది. పంచనామాలో ఆయుధం: కత్తెర!

కత్తెరంటే గుర్తొచ్చింది, నువ్వు జుట్టు కత్తిరించుకున్నావని లావణ్య చెప్పింది. డల్లాస్ నుంచి ఫోన్ చేసి ఆ మాటా ఈ మాటా చెప్పి, "సుధక్క ఇల్లు మారిందటగా పెదనాన్నా" అంది. మారితే మారావు. నీ జుట్టు, నీ ఇల్లు. తలకు నూనె పెట్టుకుంటున్నావా లేదా?

2019 అక్టోబరులో మనం ఆ హోమ్స్ కౌంటీలో బెర్లిన్ అనే ఊరు వెళ్ళాం గుర్తుందా? కొలంబస్‌లో బయల్దేరేటప్పటికి పది దాటింది. మీ అమ్మ పులిహోర కట్టింది, అల్లుడుగారు కారులో వాసనొస్తుందన్నారు, డబ్బా నా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. ఒక మలుపు దగ్గర పొలంలో చిన్న చెక్కగది కనబడితే మీ అమ్మ "పాపం ఇంత దూరం రావాలా దొడ్డికి" అంది. నువ్వు కారు ఆపేసి మరీ నవ్వావు. అది ఫోన్ పెట్టుకునే గదమ్మా, ఇంట్లో పెట్టుకుంటే ఫోను ఇంటిని తినేస్తుందని దూరంగా పెడతారని చెప్పావు. తర్వాత జున్నుకట్టల దుకాణం దగ్గర, నల్లటోపీ పెద్దాయన నా పంచె చూసి పలకరించాడు. వాళ్ళు కానివాళ్ళందర్నీ వాళ్ళు ఇంగ్లీషువాళ్ళంటారని అప్పుడే చెప్పావు నువ్వు. పొన్నూరువాణ్ణి, ఎస్సెల్సీలో ఇంగ్లీషు తప్పినవాణ్ణి, ఆ పూట ఇంగ్లీషువాణ్ణయ్యాను! అది మీ అమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఆ తర్వాత నువ్వు లెమనేడ్ రెండు గ్లాసులు కొన్నావు. ఒకటి అల్లుడుగారికి. ఆయన కారు దిగలేదు, ఫోన్లో ఉన్నారు. నువ్వు కారు దాకా వెళ్ళావు. అద్దం సగం దిగింది, మళ్ళీ ఎక్కింది. రెండు గ్లాసులూ చేతిలో పట్టుకునే తిరిగొచ్చి, నాకు దాహంగా ఉంది నాన్నా అని రెండూ నువ్వే తాగావు. అక్టోబరు చలిలో.

ముప్ఫై నాలుగేళ్ళు సర్వీసు చేసినవాడి కళ్ళకు అది కనబడదనుకున్నావా? కనబడింది. అడగలేదు. పులిహోర తినమన్నాను.

మొన్న ‘విట్‌నెస్’ సినిమా చూశాను, 1985ది. ఫిలడెల్ఫియా స్టేషన్లో హత్య చూసిన ఆమిష్ పిల్లాడు, పోలీసు స్టేషన్ అద్దాల బీరువాలో హంతకుడి ఫోటో చూసి వేలు పెడతాడు. ఒక్క మాట అనడు. హారిసన్ ఫోర్డ్ వచ్చి ఆ వేలిని తన చేతిలోకి మెల్లిగా మూసేస్తాడు. ఎన్ని ఐడెంటిఫికేషన్ పరేడ్లు చూశానో, అంత బాగా ఎక్కడా జరగలేదు. నువ్వు కూడా నోరు విప్పక్కర్లేదమ్మా, వేలు పెట్టి చూపించు చాలు.

ఇంకొకటి. వాళ్ళలో వెలి ఉంది కదా, బాప్తిస్మం పుచ్చుకున్నాక కట్టుబాటు దాటితే. వెలిపడ్డవాళ్ళతో ఒకే బల్ల మీద తినకూడదు. కొన్ని ఇళ్ళలో తల్లులు ఏం చేస్తారంటే, రెండు బల్లలు బెత్తెడు ఎడంగా వేసి, రెండింటి మీదా ఒకటే గుడ్డ పరుస్తారట. కట్టుబాటూ తప్పలేదు, పిల్లా పక్కనే తింటోంది. ఇది చదివి వినిపిస్తే మీ అమ్మ పప్పుగిన్నె దించి, కళ్ళు తుడుచుకుని, "ఆ ఎడం కూడా ఎందుకు" అంది. మీ రాజ్యమత్త విషయంలో తాతయ్య అన్ని బల్లలూ ఎత్తేశాడు. నాకప్పుడు నోరు లేదు. ఉన్నా ఎత్తలేదని మీ అమ్మ అంటుంది, అదీ నిజమే.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే మొదలుపెట్టాను. పాస్‌పోర్టు, వీసా కాగితాలు, బ్యాంకు కార్డులు నీ దగ్గర, నీ తాళం కింద ఉండాలి. జీతం నీ ఒక్కదాని పేరున ఉన్న ఖాతాలో పడాలి. ఎందుకని అడగకు. చలికాలం ముందే కారు బ్యాటరీ చూపించు, రాత్రి తలుపు గొళ్ళెం రెండుసార్లు చూసుకో, చన్నీళ్ళు తాగకు. పక్కింట్లో ఎవరుంటారో పేర్లు కనుక్కో. ఆ నవలల్లో ఒకదాంట్లో రాత్రి ఒంటరి రోడ్డు చదివి రెండ్రోజులు నిద్రపట్టలేదు నాకు.

ఇక పార్సిల్ సంగతి. మేలో పంపిన ఆవకాయ, నువ్వడిగిన కందిపొడి, సున్నుండలు మొన్న గురువారం వెనక్కొచ్చాయి. ‘ఈ చిరునామాలో లేరు’ అని ఇంగ్లీషులో స్టిక్కరు అంటించారు. డబ్బా మూత దగ్గర నూనె కారి అట్టపెట్టె మూల ఎర్రబడింది. మీ అమ్మ ఆ స్టిక్కరు గోటితో గీకి తీసేసింది, నేను చూశానని తనకు తెలియదు. ఆవకాయ పాడవలేదు, రుచి చూశాను. సున్నుండలు మళ్ళీ చేస్తానంటోంది.

కొత్త అడ్రసు పంపు. అపార్ట్‌మెంటు నంబరు, జిప్ కోడు స్పష్టంగా రాయి. డబ్బా మీద ఇంటిపేరు మీదే రాయాలో, మనదే రాయాలో అది కూడా రాయి.

నాన్న