తాళంచెవి ఎక్కడుందో పిల్లలకు తెలుసు

సంపాదకుల వారికి,
నమస్కారం.

చిన్నతనంలో ఇంటి పెద్దల దగ్గర తుపాకీ పట్టడం నేర్చుకున్నవారి అనుభవాలపై కొన్ని వారాలుగా మీ లేఖల పేజీలో సాగుతున్న చర్చను నేను మొదటి నుంచీ చదువుతున్నాను. పెద్దలు చేయిపట్టి నేర్పిన పిల్లవాడికి ఆయుధం మీద కుతూహలం పోతుందని, కుతూహలం పోయిన చోట ప్రమాదమూ ఉండదని ఒక పాఠకుడు రాశారు. ఆయన వర్ణించిన బాల్యం అచ్చంగా నాదే. అయితే ఆయన తేల్చిన విషయంతో మాత్రం నేను ఏకీభవించలేను. అందుకు కారణం చెప్పాలంటే ఇన్నేళ్లుగా ఇంట్లో కూడా పూర్తిగా చెప్పని సంగతి ఒకటి రాయవలసి ఉంటుంది. పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి. ఇంట్లో తుపాకీ ఉందన్న సంగతి నలుగురిలో చాటుకోకూడదన్నది మా తాతయ్య నేర్పిన పాఠాల్లో ఒకటి, దాన్ని ఇప్పటికీ పాటిస్తున్నాను.

నాకు తొమ్మిదేళ్లు నిండాక తాతయ్య తన రివాల్వర్‌ను మొదటిసారి నా ముందు పెట్టారు. పాయింట్ టూ టూ అనే చిన్న సైజు తూటాలు పట్టే, ఆరు గదుల సిలిండర్ ఉన్న చిన్న ఆయుధం అది. వెంటనే కాల్చనిచ్చారని అనుకోకండి. తొలి ఆరు నెలలూ నా పని దాన్ని తుడవడమే. సన్నని కడ్డీకి గుడ్డపీలిక చుట్టి గొట్టంలోకి దూర్చడం, నల్లగా వచ్చిన పీలికను పారేసి తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ తుడవడం, సిలిండర్‌ను వెలుతురుకు ఎత్తిపట్టి ఆరు రంధ్రాలనూ పైకి లెక్కపెట్టడం. ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి ఆయుధం మారినప్పుడల్లా సిలిండర్ తెరిచి ఉండాలి, ఇచ్చినవారు లెక్కపెట్టినా పుచ్చుకున్నవారు తిరిగి లెక్కపెట్టాలి. తాతయ్య నాకిచ్చి, నేను తిరిగి ఆయనకిచ్చి, ఆయన మళ్లీ నాకిస్తే, ఖాళీదని ఇద్దరికీ తెలిసిన ఆయుధాన్ని మూడుసార్లు లెక్కపెట్టేవాళ్లం. ఆ తంతు చూసి మా నాయనమ్మ నవ్వేది.

ఏ తుపాకీనైనా నిండుగా ఉన్నట్టే చూడాలి; నాశనం చేయదలచుకోని దేనివైపూ గొట్టం తిప్పకూడదు; గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు; లక్ష్యం ఏమిటో, దాని వెనుక ఏముందో తెలిసి ఉండాలి. జెఫ్ కూపర్ అనే అమెరికా శిక్షకుడు ప్రచారంలోకి తెచ్చిన నాలుగు సూత్రాలివని పెద్దయ్యాక తెలిసింది. అప్పట్లో అవి తాతయ్య మాటలనే అనుకున్నాను. నాలుగోది నా బుర్రకెక్కించడానికి ఆయన తూటాల అట్టపెట్టెను చేతిలో పెట్టారు. మైలున్నర దూరం వరకూ ప్రమాదమని దాని మీద అచ్చువేసి ఉంది. 1887 నుంచి వాడుకలో ఉన్న ఆ రకం తూటాలో గుండు బరువు మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాములకు కాస్త పైన. నా చిటికెన వేలి గోరంత లేని ఆ సీసపు ముక్క మైలున్నర పోగలదన్న ఊహ ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

కాల్చడం నేర్పింది మాత్రం నాన్నగారు. పది మీటర్ల దూరంలో, ఎత్తైన మట్టికట్టకు ఆనించి పెట్టిన కాగితం మీద నా మొదటి ఆరు గుళ్లలో ఒక్కటీ తగల్లేదు. చేయి వణుకుతోందని నేనన్నాను. నాన్నగారు ఏమీ అనకుండా సిలిండర్ తీసుకుని, నాకు కనపడకుండా నింపి, తిరిగి ఇచ్చారు. మూడోసారి ట్రిగ్గర్ లాగినప్పుడు పేలుడు లేదు, టక్కుమని చప్పుడు మాత్రమే. గొట్టం మాత్రం దానంతటదే జానెడు కిందికి వాలింది. అప్పటికే పేలిపోయిన తూటాల ఖాళీ తొడుగులను ఆయన మంచి తూటాల మధ్య కలిపారు. గది పూర్తిగా ఖాళీగా వదిలితే ఈ రకం రివాల్వర్లో తూటాను పేల్చే కొట్టుడు సూది నేరుగా సిలిండర్ అంచుకు తగిలి అది దెబ్బతింటుందని, అందుకే పాత తొడుగులు పెట్టానని తర్వాత వివరించారు. పేలుడు రాకముందే దానికి భయపడి నా చేయే గొట్టాన్ని కిందికి నెడుతోందని, ఆ పేలని దెబ్బ నా కళ్లముందే పట్టిచ్చింది. సిగ్గుతో నా చెవులు ఎర్రబడ్డాయి. అంత సూటిగా నా తప్పును నాకు చూపించిన పాఠం బడిలో కూడా లేదు.

గురి చూడటానికి గొట్టం మీద ముందొకటి, వెనకొకటి ఉండే గుర్తులను సైట్లంటారు. ఆ రెండు సైట్ల మధ్య దూరం ఎంత తక్కువైతే చిన్న తప్పు అంత పెద్దదవుతుందని చెప్పడానికి నాన్నగారు నేల మీద పుల్లతో గీతలు గీశారు. సైట్ల మధ్య 15 సెంటీమీటర్లే ఉన్న చేతితుపాకీలో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే పది మీటర్ల అవతల గుండు ఆరున్నర సెంటీమీటర్లకు పైగా తప్పుతుంది. రైఫిల్‌కు ఆ దూరం ఎక్కువ కాబట్టి అదే తప్పు దాంట్లో చిన్నదవుతుంది. చూపు లక్ష్యం మీద కాక ముందు సైటు మీద నిలపాలని, కాగితం మసకబారినా ఫరవాలేదని ఆయన అన్నప్పుడు అది తిరకాసు మాటలా అనిపించింది. ఏడాది తర్వాత గుళ్లన్నీ అరచేతంత చోట పడినప్పుడుగానీ అర్థం కాలేదు. అనుపాతాలు నాకు లెక్కల మాస్టారి కంటే ముందు ఆ మట్టికట్ట దగ్గరే తెలిశాయి.

వాళ్లు అన్నీ సరిగ్గానే చేశారని కాదు. చెవుల్లో దూదితో సరిపెట్టారు. చేతితుపాకీ పేలుడు 140 డెసిబెల్స్ దాటుతుందని, ఒక్క పేలుడు కూడా వినికిడిని శాశ్వతంగా దెబ్బతీయగలదని వాళ్లకు తెలియదు. నా ఎడమ చెవిలో సన్నని ఈల ఇప్పటికీ వినిపిస్తుంది. కట్టలోంచి సీసపు ముక్కలు ఏరి జేబులో వేసుకుని, ఆ చేతులతోనే తినేవాణ్ని. పిల్లల రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే భయం లేదని చెప్పగల మోతాదేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెబుతోంది. ఇవి వాళ్ల తప్పులనడం కన్నా ఆ కాలపు అజ్ఞానమనడం న్యాయం. నేను రాయదలచింది వీటి గురించి కాదు.

నాకు పదకొండేళ్లప్పుడు, పెద్దలెవరూ ఇంట్లో లేని ఒక మధ్యాహ్నం, ఇనప్పెట్టె తాళంచెవి తీశాను. అది తాతయ్య పాత గడియారం పెట్టె అడుగున, మడిచిన గుడ్డ కింద ఉండేది. అక్కడ ఉందని నాకెవరూ చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. ప్రతి ఆదివారం ఉదయం ఆయన ఏ గదిలోకి వెళ్లి ఎన్ని నిమిషాల్లో వస్తారో, లోపల ఏ చప్పుడు ముందు వినిపిస్తుందో రెండేళ్లుగా వింటున్నవాణ్ని. నాతోపాటు మా పెదనాన్నగారి అబ్బాయి ఉన్నాడు, నాకంటే ఏడాది చిన్నవాడు, వాడికి ఈ శిక్షణ ఏదీ లేదు. నేను రివాల్వర్ తీసి, గొట్టం గోడవైపు ఉంచి, సిలిండర్ తెరిచి, ఆరు రంధ్రాలనూ పైకి లెక్కపెట్టాను. వేలు ట్రిగ్గర్ దరిదాపుల్లో లేదు. తాతయ్య చూస్తే మెచ్చుకునేంత క్రమశిక్షణతో, ఆయన ఎన్నటికీ క్షమించని పని చేశాను.

తర్వాత వాడు అడిగాడు, నేను ఇచ్చాను. వాడు లెక్కపెట్టలేదు. సిలిండర్ మూసేసి, గొట్టంలోకి ఒక కన్ను పెట్టి చూసి, తర్వాత కిటికీ వైపు తిప్పి ట్రిగ్గర్ లాగాడు. కిటికీ అవతల ఎవరున్నారో మా ఇద్దరిలో ఎవరూ చూడలేదు. టక్కుమంది. మట్టికట్ట దగ్గర నన్ను సిగ్గుపరచిన చప్పుడే. ఆ రోజు మమ్మల్ని కాపాడింది నాకు నేర్పిన నాలుగు సూత్రాలు కావు. తూటాల పెట్టె వేరే గదిలో, వేరే తాళం కింద, ఆ తాళంచెవి నాన్నగారి జేబులో ఉండటం.

కుతూహలం పోతుందని రాసిన పాఠకుడితో నా విభేదం ఇక్కడే. నాలో పోయింది భయం. దాని చోట ఇది నాకు వచ్చు, ఇది నాది అన్న అధికారభావం చేరింది. ఏమీ తెలియని పిల్లవాడు ఆ పెట్టె జోలికి పోకపోయేవాడేమో. తెలిసిన పిల్లవాడు మరొకడికి చూపించకుండా ఉండలేడు. చూపించేవాడికి ఉన్న శిక్షణ చూసేవాడికి ఉండదు, ఆయుధం మాత్రం ఇద్దరి చేతుల్లోకీ వెళుతుంది.

ఇది నా ఒక్కడి కథే అయితే ఇంత దూరం రాసేవాణ్ని కాదు. 2001లో అమెరికాలో ఒక పిల్లల వైద్య పత్రికలో వెలువడిన పరిశీలనలో, 8 నుంచి 12 ఏళ్ల మధ్య వయసున్న 64 మంది మగపిల్లలను ఇద్దరు ముగ్గురు చొప్పున 29 బృందాలుగా ఒక గదిలో వదిలి, సొరుగులో పేలని విధంగా మార్చిన నిజమైన చేతితుపాకీని దాచి, పిల్లలకు కనపడకుండా చాటు నుంచి గమనించారు. 21 బృందాలకు అది దొరికింది. 16 బృందాలు చేతిలోకి తీసుకున్నాయి. 10 బృందాల్లో ఎవరో ఒకరు ట్రిగ్గర్ లాగారు. ముట్టుకున్న, లాగిన పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా అంతకుముందే తుపాకీ జాగ్రత్తల గురించి ఏదో ఒక రకంగా చెప్పించుకున్నవారేనట. 2006లో అలబామా గ్రామీణ ప్రాంతంలోని కుటుంబాలపై జరిగిన మరో అధ్యయనంలో, తుపాకీ దాచిన చోటు తమ పిల్లలకు తెలియదని చెప్పిన తల్లిదండ్రుల్లో 39 శాతం మంది మాటను వాళ్ల పిల్లలే కాదన్నారు. ఆ అంకె చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది గడియారం పెట్టె అడుగున మడిచిన గుడ్డ.

నేర్పవద్దని నేను అనడం లేదు. చట్టాలు ఏ దేశానికి ఆ దేశానివే. అమెరికాలో 18 ఏళ్లలోపు వారికి చేతితుపాకీ ఉండరాదని 1994 నుంచి జాతీయ చట్టమే ఉన్నా, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతితో చేసే గురి సాధనకు అందులో మినహాయింపు ఉంది. మన ఆయుధాల చట్టం 21 ఏళ్లు నిండనివారిని నిషేధిస్తూనే శిక్షణకు దారి ఉంచింది. మినహాయింపు ఇచ్చిన ప్రతిచోటా పెద్దవాడు పక్కనుంటాడన్నది చట్టం ఊహ. పెద్దవాడు లేని మధ్యాహ్నానికి ఇనప్పెట్టే దిక్కు. ఆయుధం ఇంట్లో ఉండి తీరాలంటే ఖాళీగా, తాళం కింద, తూటాలు విడిగా మరో తాళం కింద ఉండాలని, అసలు ఇంట్లో లేకపోవడమే అన్నిటికంటే క్షేమమని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతోంది. మొదటి మాటను నేను అక్షరాలా పాటిస్తాను, రెండో మాట ముందు నా దగ్గర వాదన లేదు. ఒక్కటి కలుపుతాను: తాళంచెవి దాచే చోటంటూ ఏదీ లేదు, అది పెద్దవాడి ఒంటి మీద ఉండాలి.

మా అమ్మాయి పన్నెండో ఏట నేర్చుకుంటానంటే శిక్షణ కేంద్రానికి తీసుకెళ్లి గాలి పిస్తోలుతో మొదలుపెట్టించాను. పది మీటర్ల దూరం, నాలుగున్నర మిల్లీమీటర్ల గుండు, పదకొండున్నర మిల్లీమీటర్ల వెడల్పున్న పది పాయింట్ల వలయం. 1988 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న పోటీ. గాలి పిస్తోలూ ఆటవస్తువు కాదు, కంటికి తగిలితే చూపు పోతుంది, కాబట్టి నాలుగు సూత్రాలూ తాతయ్య మాటల్లోనే చెప్పాను. పిస్తోలు ఆ కేంద్రంలోని బీరువాలోనే ఉంటుంది, ఇంటికి రాదు. నూనె వాసన, పక్కపక్కన కూర్చుని తుడిచే ఆదివారాలు మా అమ్మాయికి లేకుండా పోయాయని అప్పుడప్పుడూ బెంగగా ఉంటుంది. తాతయ్య నాతో ఎక్కువగా మాట్లాడింది ఆ తుడిచే వేళల్లోనే. ఆ పాఠకుడి లేఖలోని ప్రేమ నిజమైనది, దాన్ని నేను కాదనను.

తాతయ్య పోయిన చాలా ఏళ్లకు, అమ్మాయిని శిక్షణలో చేర్పించిన రోజునే, నాన్నగారికి ఆ మధ్యాహ్నం సంగతి చెప్పాను. కోప్పడలేదు. చాలాసేపు ఊరుకుని, ఎన్నిసార్లు తీశావని మాత్రం అడిగారు. ఒక్కసారేనన్నాను. ఆయన రోజూ మీ పత్రిక చదువుతారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను: నాలుగుసార్లు.

భవదీయుడు,
మీ పాఠకుడు