జూన్ నుంచి సాయంత్రం కుక్కల వాకింగ్‌లు కొన్ని ఆపుతున్నాం: భీమవరం కస్టమర్లకు వివరంగా

నమస్కారమండి.

జూన్ 1 నుంచి సాయంత్రం పూట కుక్కల్ని నడిపించడానికి కొన్ని ఇళ్లకు మేం రాలేం. గునుపూడి వైపు, జువ్వలపాలెం రోడ్డు వైపు ఉన్నవాళ్లకు దీనివల్ల ఎక్కువ ఇబ్బంది అవుతుంది. ఫోన్లో ఒక్కొక్కరికీ సగం సగం చెప్పేకన్నా, ఎందుకు ఆపుతున్నామో, ఎప్పటిదాకానో, ఈలోగా మీరేం చేయొచ్చో అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

మా దగ్గర మొదటి నుంచీ ఉన్న అబ్బాయి ఈ నెలాఖరుకి వెళ్లిపోతున్నాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, మంచి జీతం. సంతోషంగానే పంపిస్తున్నాం. మీలో చాలామంది ఇళ్లలో కుక్కతో పాటు పెద్దవాళ్లకి కూడా అతను అలవాటైపోయాడు. అతను వెళ్తున్నాడని తెలియగానే ఫోన్లు మొదలయ్యాయి. అందరిదీ ఒకటే మాట: "ఇంకొకరిని పెట్టేయండి, ఎవరైనా పర్లేదు, నేను ఇంటికొచ్చేసరికి తొమ్మిది అవుతుంది."

ఆ టెన్షన్ నాకు తెలుసు. మన ఊళ్లో పనివేళలు అలాంటివి. చేపల, రొయ్యల చెరువులున్నవాళ్లు తెల్లవారుజామున, నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల దగ్గర ఉండాలి. ఒక్క రాత్రి అశ్రద్ధ చేస్తే పంట మొత్తం తేలిపోతుంది. రొయ్యల ప్లాంట్లలో, ఆసుపత్రుల్లో షిఫ్టులు. బ్యాంకు వాళ్ల సంగతి మార్చిలో చూడాలి. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్తే కుక్క పొద్దున్నించీ గేటు వైపు చూస్తూ పడుకుంటుంది. దాన్ని బయటికి తీసుకెళ్లే మనిషి రాకపోతే ఆఫీసులో కూర్చున్నా మనసు ఇంటి దగ్గరే ఉంటుంది.

అయినా "ఎవరైనా పర్లేదు" అన్న మాటకి నేను ఒప్పుకోలేను. మీరు ఇంట్లో లేనప్పుడు తాళం తీసి లోపలికి వచ్చే మనిషి, నోరులేని జీవాన్ని రోడ్డు మీదకి తీసుకెళ్లే మనిషి ఎవరైనా ఎలా పర్లేదండి?

ముందు సాయంత్రమే ఎందుకు ఇబ్బందో చెప్తాను. పొద్దున వాకింగ్‌లు ఏవీ మారవు. ఐదింటికి మొదలుపెడితే ఏడున్నర దాకా టైం ఉంటుంది, రోడ్డు చల్లగా ఉంటుంది. సాయంత్రం అలా కుదరదు. ఇప్పుడు మన దగ్గర ఐదున్నరకి కూడా సిమెంటు రోడ్డు కాలుతూనే ఉంటుంది. అరచెయ్యి వెనక వైపు రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. పైగా డెల్టా ఉక్కపోత. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి ముఖ్యమైన దారి, నాలుక మీద తడి ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలోనే తేమ నిండి ఉంటే ఆ తడి త్వరగా ఆరదు. పగ్‌లు, షిట్జూలు, బాక్సర్ల లాంటి పొట్టి ముక్కు జాతులకి ఇది ఇంకా కష్టం. అందుకే ఎండలు తగ్గేదాకా ఆరున్నరకి ముందు మేం ఏ కుక్కనీ గేటు దాటించం. మీ అందరికీ కావలసింది కూడా ఎనిమిదిలోపే. ఆ గంటన్నరలో ఒక మనిషి సరిగ్గా చూడగలిగేది రెండిళ్లు, దగ్గర దగ్గరగా ఉంటే మూడు. ఒక మనిషి తగ్గితే మిగతావాళ్ల మీద ఆ ఇళ్లు సర్దడం అంటే ఒక్కో కుక్కకి పది నిమిషాలు తిప్పి గేటు వేసేయడమే. లేదంటే మూడు గొలుసులు ఒకే చేతిలో పట్టుకుని నడవడం. రెండూ నేను చేయించను.

ఇక కొత్త మనిషి సంగతి. అడిగితే మనుషులు దొరుకుతున్నారు. ఆధార్ కాపీ తీసుకుంటాం, వాళ్ల వీధికెళ్లి నలుగురిని అడుగుతాం, ఇంతకుముందు పనిచేసిన చోట కనుక్కుంటాం. ఇవన్నీ చేయాల్సినవే, కానీ మనిషి ఎవరో తెలుస్తుంది తప్ప చెయ్యి ఎలాంటిదో తెలియదు. అది తెలియాలంటే పక్కన నడవాలి. అందుకే కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ మొదట మా సొంత లాబ్రడార్‌తో నాతో పాటు నడుస్తారు. వాడు ముసలివాడు, బరువెక్కువ, తిక్క పుడితే రోడ్డు మధ్యలో కూర్చుండిపోతాడు. మనిషి ఓపిక తేలిపోవడానికి అది చాలు.

ఈ మధ్య ఒక కుర్రాడు వచ్చాడు. కుక్కలంటే ప్రాణమన్నాడు, నిజంగానే ప్రేమ ఉంది. కాలువ గట్టు మీద టీ బడ్డీ దగ్గర వీధి కుక్కలు లేచి మొరగగానే గొలుసు బలంగా లాగి, రాయి కోసం వంగాడు. అంతే, అవతలివి ఇంకా మీదికి వచ్చాయి, మా వాడు బెదిరిపోయాడు. ఆ కుర్రాడిని తప్పు పట్టను, చాలామంది చేసేది అదే. కానీ మాకు కావలసిన పద్ధతి వేరు. వీధి కుక్కలు ఎదురైతే పరుగెత్తకూడదు, అరవకూడదు. గొలుసు మెల్లగా కురచ చేసుకుని, రెండింటి మధ్యకి మనం వచ్చి, పక్కకి తిరిగి నడిచిపోవాలి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధి కుక్కని పట్టుకెళ్లి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, ఎక్కడ పట్టుకున్నారో మామూలుగా అక్కడే వదలాలి. కాబట్టి ఆ బడ్డీ దగ్గర కుక్కలు రేపూ ఉంటాయి, ఎల్లుండీ ఉంటాయి. వాటితో రోజూ గొడవ పెట్టుకునే మనిషితో మీ కుక్కని పంపలేను.

తర్వాత ఒకావిడ వచ్చారు. నలభై దాటిన మనిషి, చిన్నప్పటి నుంచీ గేదెల్ని చూసుకున్నారు. కుక్కని ఎప్పుడూ గొలుసు పట్టుకుని నడిపించలేదట. మొదటి రోజు పెద్దగా మాట్లాడలేదు కూడా. సగం దూరం వెళ్లాక ఆగి, "వీడు ఎడమ కాలు తేలిగ్గా వేస్తున్నాడండి" అన్నారు. నాకేమీ తెలియలేదు. ఆవిడ కింద కూర్చుని, పాదం ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో ఒక్కో వేలి సందూ విడదీసి చూశారు. మూడో సందులో రక్తం తాగి ఆముదపు గింజలా ఉబ్బిన గోమారు ఉంది. వెంటనే లాగలేదు. "ఇక్కడ లాగితే మూతి లోపలే ఉండిపోద్దండి, ఇంటికెళ్లాక చూద్దాం" అన్నారు. ఇంటికి వచ్చాక ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా నిదానంగా తీశాం. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం లాంటివి మీరూ చేయకండి. గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ ఎంతటి ఆరోగ్యమైన కుక్కనైనా పడేస్తుంది. తిండి మానేసినా, జ్వరం ఉన్నా, ముక్కు నుంచి రక్తం వచ్చినా అదే రోజు డాక్టరుకి చూపించాలి.

ఆవిడని తీసుకున్నాం. అయితే ఇంకా మీ ఇళ్లకి పంపడం లేదు. మా దగ్గర పనిచేసే ప్రతి మనిషికీ ముందస్తు రేబిస్ టీకాలు వేయిస్తాం. మూడు డోసులు: మొదటి రోజు, ఏడో రోజు, ఆపైన 21 లేదా 28వ రోజు. అంటే ఎంత తొందరపడినా మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి, మళ్లీ రెండు డోసులు వేయించుకోవాలి. ఇది మా వాళ్లందరికీ నోటికి వచ్చు. ఈలోగా ఆవిడ వెళ్లిపోతున్న అబ్బాయితో పాటు ఇళ్లన్నీ చూస్తున్నారు. ఏ కుక్కకి ఉరుమంటే భయం, ఏది పిల్లిని చూస్తే గొలుసు తెంపుకుంటుంది, ఎవరి గేటు గడియ సరిగ్గా పడదు, ఇవన్నీ ఆ అబ్బాయి దగ్గర నేర్చుకుంటున్నారు. అంతా అనుకున్నట్టు జరిగితే జూన్ చివరి వారంలో ఆవిడ సొంతంగా రావడం మొదలుపెడతారు. అప్పుడు ఆగిన ఇళ్లలో కొన్నింటికి మళ్లీ సాయంత్రం వాకింగ్ ఇవ్వగలం. అన్నింటికీ ఇస్తామని ఇప్పుడే మాట ఇవ్వలేను.

రేటు కూడా పెంచుతున్నాం. రోజుకి ఒక వాకింగ్‌కి నెలకి 2,800 తీసుకుంటున్నాం, జూన్ నుంచి 3,300. 2025 ఆగస్టులో మన దేశపు సరుకు మీద అమెరికా 50 శాతం సుంకం వేసి రొయ్య రేటు పడినప్పుడు మీలో చాలామంది ఇళ్లలో పరిస్థితి కళ్లారా చూశాను, అందుకే అప్పుడు పెంచలేదు. ఇప్పుడు తప్పడం లేదు. మా వాళ్లకి కుక్కకి ఇంత అని లెక్కగట్టి ఇవ్వం, నెల జీతం ఇస్తాం. కుక్క లెక్కన ఇస్తే తొందర పుడుతుంది. తొందరలో ఉన్న మనిషి వేలి సందులు విప్పి చూడడు. పెంచిన డబ్బులో ఎక్కువ భాగం జీతాలకే పోతుంది. మిగిలింది టీకాలకి, రేడియం జాకెట్లకి, టార్చిలైట్లకి.

జూన్‌లో ఇంకో సంగతి ఉంది. ఇప్పుడు కాలువలు కట్టేశారు కాబట్టి గట్టు దిగితే అడుగున అంతా బురద, దాని మీద ఎండిన గుర్రపుడెక్క. పైకి గట్టి నేలలా కనిపిస్తుంది. కుక్క కాలు పెట్టగానే దిగబడుతుంది, లోపల సీసా పెంకులుంటాయి. ఈ రోజుల్లో గట్టు దిగనివ్వం. నీళ్లు వదిలి వానలు మొదలయ్యాక భయం వేరు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి ఎలుక జ్వరం వస్తుంది, కుక్కకీ వస్తుంది, మనిషికీ వస్తుంది. కుక్కలకి వేసే కలిపి టీకాల్లో చాలావాటిలో దీని టీకా కూడా ఉంటుంది. మీ కుక్కకి వేసినదాంట్లో ఉందో లేదో డాక్టరుని అడిగి, టీకాల కార్డు ఫోటో పంపండి. రేబిస్ టీకా గడువు దాటిన కుక్కని జూన్ నుంచి తీసుకెళ్లం, ఎంత పాత కస్టమర్లయినా సరే. నెలల వయసు కుక్కపిల్లలున్నవాళ్లు టీకాలన్నీ పూర్తయ్యేదాకా రోడ్డు మీద తిప్పమని అడగకండి. కుక్కపిల్లల ప్రాణం మీదికి తెచ్చే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది.

మా సేవ ఆగే ఇళ్లవాళ్లు ఈలోగా వేరే మనిషిని పెట్టుకుంటే నేనేమీ అనుకోను, పైగా సాయం చేస్తాను. మనిషిని చూసేటప్పుడు మాత్రం తొందరపడకండి. కనీసం నాలుగైదు రోజులు మీరూ వెంట నడవండి. ఆ రోజులకి డబ్బు ఇవ్వండి. ఫోన్ ఎక్కడ పెట్టుకుంటాడో చూడండి, జేబులో ఉంటే మంచిది. గొలుసుని వేళ్లకి చుట్టుకునేవాళ్లకి అలా చేయొద్దని చెప్పండి, కుక్క ఒక్కసారి లాగితే వేలు విరుగుతుంది. అతన్ని చూడగానే మీ కుక్క ఏం చేస్తుందో వారం తర్వాత గమనించండి. గేటు దగ్గరికి తోక ఊపుకుంటూ వస్తే సరే. మంచం కిందకి దూరిందంటే మాత్రం ఆ మనిషి ఎంత మర్యాదగా మాట్లాడినా ఆపేయండి. తిరిగి వచ్చాక అసలు రొప్పకుండా, నీళ్ల గిన్నె వైపు చూడకుండా ఉంటే ఎంత దూరం నడిచిందో అనుమానించాల్సిందే. రోజూ ఫోటో పంపమని అడుగుతారు కొందరు. తప్పు లేదు, కానీ ఫోటోకి ఒక్క నిమిషం చాలు, అరగంట నడకకి అది సాక్ష్యం కాదు. ఎదురింటివాళ్లకో, వాచ్‌మన్‌కో ఒక మాట చెప్పి ఉంచండి. ఇంటి తాళం మొదటి నెల ఇవ్వకండి. వరండాలో గానీ పోర్టికోలో గానీ కుక్క ఉండేలా చూసుకుని గేటు తాళం వరకే ఇవ్వండి. కొత్త మనిషి మొదటి నెలలో గొలుసు జారినా కుక్క దొరికేలా దాని మెడ బెల్టు మీద మీ ఫోన్ నంబరు ఉండాలి.

మీకు ఎవరైనా దొరికితే నా దగ్గరికి తీసుకురండి. మా లాబ్రడార్‌తో ఒక రోజు నడిపించి నాకు తోచింది చెప్తాను. దీనికి డబ్బులేమీ తీసుకోను.

మీ దగ్గర ఉన్న మా పాత అబ్బాయి ఫోన్ నంబరుకి ఇక కుక్క విషయాలు పంపకండి, అన్నీ షాపు వాట్సాప్ నంబరుకే పంపండి. మీరు అతనికి ఇచ్చిన తాళాలు మే 30, 31 తేదీల్లో అతనే నాతో కలిసి వచ్చి మీ చేతికి ఇస్తాడు. మీరు ఊళ్లో లేకపోతే ఎవరికి ఇవ్వాలో ముందే చెప్పండి. జూన్ వాకింగ్‌లకి ముందే డబ్బు కట్టినవాళ్లలో ఎవరి ఇల్లు ఆగినా మొత్తం వెనక్కి వేసేస్తాను.

సాయంత్రం ఎవరికి ఉంచాలి అన్న విషయంలో ముందు ముసలి కుక్కలు, మందుల మీద ఉన్న కుక్కలు, పగలంతా ఇంట్లో ఎవరూ లేని ఇళ్లు చూస్తాను. సాయంత్రం బదులు పొద్దున ఐదింటికి మారగలిగినవాళ్లు చెప్పండి, అక్కడ ఇంకా కొంత ఖాళీ ఉంది. మీరు ఇంట్లో ఉండే వేళలు, కుక్క వయసు, టీకాల కార్డు ఫోటో ఈ ఆదివారంలోగా పంపితే, సోమవారం సాయంత్రానికి ఎవరి ఇల్లు ఉందో ఎవరిది ఆగిందో ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేసి చెప్తాను.