ఎడారి రైడ్: ఆదివారం అందరూ రండి

విజయనగరం రైడర్లందరికీ నమస్కారం 🙏

సిరిమాను సందడి అయిపోయింది, ఇక మన సంగతి చూద్దాం. డిసెంబరు మొదటి వారంలో జైసల్మేర్ ఎడారి జాతీయ ఉద్యానం, ఖాయం.

బళ్లు జోధ్‌పూర్ దాకా రైల్లో పార్సిల్. అక్కడి నుంచి పోఖ్రాన్ మీదుగా జైసల్మేర్ దాదాపు 280 కిలోమీటర్లు. తర్వాత సమ్ దిబ్బలు, ఆకల్ దగ్గర రాయిగా మారిన చెట్ల మానులు. పార్కు 3,162 చదరపు కిలోమీటర్లు, అంతా తిరగలేం. బట్టమేక పిట్ట కనిపిస్తే మాత్రం మన అదృష్టమే. హారన్లు కొట్టొద్దు, రోడ్డు దిగొద్దు. లోపలికి అనుమతి నేను చూసుకుంటాను.

అరకు ఘాటీ ఎక్కినవాళ్లం, ఇదెంత అనుకోకండి. తారు రోడ్డు మీదే ఇసుక పరుచుకుని ఉంటుంది. అక్కడ ముందు చక్రం బ్రేకు పట్టారో, పడ్డట్టే. చైన్‌కి ఆయిల్ ధారగా పోయకండి. ఇసుక అంటుకుని చైన్ చక్రాల పళ్లు అరిగిపోతాయి. పోయినసారి నా చైన్ గతి అదే, మెకానిక్ చెబితే తెలిసింది!

పగలు ఎండ, రాత్రి వణుకు. మన ఊరి స్వెట్టర్ చాలదు.

ఆదివారం ఉదయం 7కి గంటస్తంభం దగ్గర కలుద్దాం. ఆర్‌సీ, ఆధార్, ఇన్సూరెన్స్ జిరాక్సులు రెండేసి తెండి. వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పేరు పెట్టండి. బొటనవేలు బొమ్మ లెక్కలోకి రాదు 😀

మర్చిపోవద్దు: పార్సిల్ రోజు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి. పెట్రోలుంటే బండి తీసుకోరు.