కొత్త జట్టుకూ ఓ పని మిగల్చండి

సంపాదకులకు నమస్కారం.

అటల్ టింకరింగ్ ల్యాబులు, అంటే పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూసేందుకు కేంద్ర ప్రభుత్వ సాయంతో పెట్టిన ల్యాబులు, ఉన్న బడులకు రోబో పోటీలు పెట్టేవాళ్లకు ఒక మనవి. రెండు మూడు బడులను కలిపి ఆడించడం మంచిదే. కానీ ఆ ఆటలో మొదటిసారి వచ్చిన పిల్లలకు చేతనయ్యే పని ఉండాలి.

2014లో అమెరికాలో మా తమ్ముడి కొడుకు ఆడిన, ‘ఫస్ట్’ అనే సంస్థ బడిపిల్లలకు పెట్టే రోబోటిక్స్ పోటీ చూశాను. అటు మూడు జట్లు, ఇటు మూడు జట్లు. తోడు ఎవరొస్తారో మన చేతిలో లేదు. బంతి పైగోలులో వేస్తే 10 పాయింట్లు. వేసేలోపు రెండు రోబోలు వేర్వేరు జోన్లలో దాన్ని పట్టుకుంటే మరో 10, మూడూ పట్టుకుంటే 30. చిక్కల్లా, రోబోలు తమంతట తామే కదిలే మొదటి పది సెకన్లు పోయాక ఒక్కో పక్షానికి ఒకేసారి ఒక్కటే బంతి.

మావాడి జట్టుకు అదే మొదటి ఏడు. బంతి వాళ్ల రోబో బండి ఫ్రేములో ఇరుక్కుంది. ముందుకూ వెనక్కూ ఆడించి వదిలించేసరికి అరనిమిషం పైనే పోయింది. మొత్తం ఆటే రెండున్నర నిమిషాలు! పక్క జట్టు కుర్రాడు ఏమీ అనలేదు, మావాడి వంక ఒక్క చూపు చూశాడంతే.

మధ్యాహ్నం ఓ పాత జట్టు పిల్లలు టేపు పట్టుకొచ్చి, ఫ్రేము కొలిచి, ప్లాస్టిక్ షీటు వంచి ముందు బిగించారు. బంతి పట్టి, దొర్లించి వదిలేస్తే చాలన్నారు. మంచి పిల్లలే, కాదనను. అయితే మూడో బండి పట్టుకుంటేనే వాళ్లకీ ఆ 30 వచ్చేది. గోలు వేయలేని బండికి విలువ తెచ్చింది ఆ రూలే, మావాణ్ని అంత టెన్షన్ పెట్టిందీ ఆ ఒక్క బంతే.

చిన్నపిల్లలాడే వెక్స్ ఐక్యూ అనే మరో రోబో పోటీలో రెండు రోబోలు 60 సెకన్లు కలిసి ఆడతాయి. ఎదుటి పక్షం లేదు, ఇద్దరికీ ఒకే స్కోరు. ర్యాంకు లెక్కలో ప్రతి నాలుగు మ్యాచ్‌లకూ అతి తక్కువ స్కోరు ఒకటి తీసేస్తారు. తోడు బండి మొరాయించిన రోజున ఈ లెక్క ఎంత ఊరటో ఆడినవాళ్లకే తెలుసు.

ల్యాబుకు 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇస్తున్నప్పుడు ఈ కాస్త ఆలోచన బరువేమీ కాదు. రెండు మోటార్లు, నాలుగు చక్రాల బండి కూడా పాయింట్లు తేగల పని ఒకటి ఆటలో పెట్టండి. రూల్సు తెలుగులోనూ ఇవ్వండి. మ్యాచ్‌కు ముందు తోడు జట్టుతో పది నిమిషాలు ప్రాక్టీసు చేసుకోనివ్వండి.

– ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, ఖమ్మం